గుండ్రంగా కూర్చుంటే సమానమవుతామా?

అమెరికా రెసిడెన్సీ ప్రోగ్రాముల్లో చాలాకాలంగా ఉన్న ‘రిట్రీట్’ పద్ధతి మన మెడికల్ కాలేజీల్లోనూ అక్కడక్కడా కనబడుతోంది. పీజీ డాక్టర్లను ఒకటి రెండు రోజులు ఊరి బయటికి తీసుకుపోతారు. గుండ్రంగా కూర్చోబెడతారు. ఆటలు ఆడిస్తారు, ధ్యానం చేయిస్తారు, మనసులో మాట చెప్పమంటారు. డాక్టరు కూడా మనిషే, అతని అలసట గురించి ఎవరో ఒకరు ఆలోచించడం మంచిదే. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ వలయంలో ఎవరు మాట్లాడగలరు, ఎవరు మాట్లాడలేరు అన్న ప్రశ్న మనం వేయకపోతే ఇంకెవరు వేస్తారు?

ఇట్లాంటి ఒక శిబిరంలో నేను రెండు రోజులు కూర్చున్నాను. పరిచయాలతో మొదలైంది. పేరు, ఊరు, ఎంట్రన్సులో వచ్చిన ర్యాంకు చెప్పమన్నారు. ఏదో సరదాగా అడిగారు. అడిగినాయనకు దురుద్దేశం ఉందనుకోను. కానీ మన దేశంలో ఇంటిపేరు, ర్యాంకు కలిపి చెబితే ఇక కులం విడిగా చెప్పనక్కరలేదు. ఒకమ్మాయి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, కూర్చుంది. ‘ర్యాంకు మర్చిపోయావమ్మా’ అని ఎవరో అన్నారు. నవ్వులు. ఆ తర్వాత రెండు రోజులూ ఆ అమ్మాయి నోరు విప్పలేదు. ‘మనసు విప్పడానికి ఇంకా తయారుగా లేదు’ అని నిర్వాహకులు తమలో తాము అనుకోవడం విన్నాను. లోపం ఆ అమ్మాయి మనసులో ఉందట!

ఇక్కడ అసలు విషయం ఒకటుంది. రిట్రీట్ సిద్ధాంతం ప్రకారం డాక్టరు జబ్బు ఒంటరితనం, మందు గుంపు. మన పిల్లల అనుభవం తలకిందులుగా ఉంది. వాళ్లకు అవమానం జరిగేది గుంపులోనే. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా మొదటి సంవత్సరం పీజీ, గిరిజన బిడ్డ ధరావత్ ప్రీతి 2023 ఫిబ్రవరి 26న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయింది. ఆమెను వాట్సాప్ గ్రూపులో కించపరిచారన్న ఆరోపణ ఆ కేసులో ముందుకొచ్చింది. ముంబయి నాయర్ ఆస్పత్రిలో గైనకాలజీ పీజీ చేస్తున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ 2019 మే 22న చనిపోయింది. రిజర్వేషన్ సీటు పేరుతో వేధించారన్న ఆరోపణ మీద ముగ్గురు సీనియర్ డాక్టర్లు అరెస్టయ్యారు. ఈ ఇద్దరూ గుంపు లేక ఒంటరివాళ్లయినవాళ్లు కారు. చుట్టూ గుంపు ఉంది. ఆ గుంపునే మళ్లీ రిసార్టుకు తీసుకుపోయి చాప మీద గుండ్రంగా కూర్చోబెడితే ఏం మారుతుంది?

గుండ్రంగా కూర్చుంటే ఎక్కువ తక్కువలు పోతాయన్నది అందమైన భ్రమ. డ్యూటీ చార్టు రాసేది సీనియర్. ఎవరి చేతికి కేసు ఇవ్వాలో, ఎవరిని థియేటర్ బయట నిలబెట్టాలో చెప్పేది సీనియర్. థీసిస్ మీద సంతకం పెట్టేది గైడు. వీళ్లంతా అదే వలయంలో ఉంటారు. సోమవారం పొద్దున మళ్లీ వాళ్ల కిందే పని చేయాల్సిన అమ్మాయి శనివారం సాయంత్రం ‘నన్ను కోటా డాక్టరంటున్నారు’ అని చెప్పగలదా? చెబితే అది మనసు విప్పడం అవుతుందా, మెడ చాపడం అవుతుందా?

ఇదేదో కొత్తగా బయటపడ్డ సంగతి కూడా కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష గురించి సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. క్లాసు గదిలో, హాస్టల్లో, మెస్సులో, ఆటల్లో వాళ్లను ఎట్లా వేరు చేస్తున్నారో రాసింది. అంటే వైద్యవిద్యలో వెలివాడ ఉందని ప్రభుత్వ కమిటీయే చెప్పింది. ఆ నివేదికను అమలు చేయకుండా ఊపిరి పీల్చి వదిలే అభ్యాసాలు నేర్పడం ఏ రకం వైద్యం? రోగ కారణం తెలిసీ నొప్పి బిళ్ల ఇచ్చి పంపే డాక్టరును మనం ఏమంటాం?

పోనీ, కులం మాట పక్కన పెడదాం. అందరికీ వర్తించే అలసట సంగతి చూద్దాం. రెసిడెంటు డాక్టరు డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు వారానికి 74 గంటలు మించవద్దని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని సిఫారసు చేసింది. 32 ఏళ్లలో 48 కాస్తా 74 అయింది, అదే ఉపశమనంగా కనబడుతోంది! ఆ టాస్క్‌ఫోర్సు సర్వేలో పాల్గొన్న పీజీల్లో 31 శాతానికి పైగా తమకు చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని చెప్పారు. ఇంత పెద్ద సంఖ్య ఒక్కొక్కరి మనోబలహీనత కాదు, వ్యవస్థ జబ్బు. నిద్ర లేనివాడికి కావలసింది నిద్ర. నిద్ర లేకపోయినా ప్రశాంతంగా ఉండే శిక్షణ కాదు.

కాబట్టి శిబిరాలే వద్దా? నేనట్లా అనను. లండన్‌లో 1950లలో మైకేల్ బాలింట్ డాక్టర్లను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, తమ రోగుల గురించీ తమ ఇబ్బంది గురించీ మాట్లాడించాడు. అది ఒక్కరోజు విహారయాత్ర కాదు, క్రమం తప్పకుండా సాగిన పని. కలిసి కూర్చోవడంలో బలముందని మనకు బాలింట్ చెప్పనక్కర కూడా లేదు. 1917లో బెజవాడలో పంచమ సభగా పిలిచిన సభ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ అయింది. వచ్చినవాళ్లు సేదతీరి పోలేదు. తమ పేరు తామే మార్చుకుని పోయారు. సేదతీర్చే గుంపుకూ తలెత్తించే గుంపుకూ తేడా అదే.

నేను చూసిన శిబిరంలోనూ అట్లాంటిది ఒకటి జరిగింది, కార్యక్రమ పత్రంలో లేకుండా. రెండో రాత్రి భోజనాలయ్యాక నలుగురు పిల్లలు మేడ మీద కూర్చున్నారు. ర్యాంకు చెప్పని అమ్మాయి కూడా ఉంది. ఎవరికి ఎన్ని నైట్లు పడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ‘నీకూ అంతేనా?’ అని ఒకరు, ‘నేనొక్కదాన్నే అనుకున్నా’ అని ఇంకొకరు. కాసేపటికి ఆ అమ్మాయి నవ్వింది. రెండు రోజుల్లో అది మొదటిసారి. నాకు సంబంధించినంతవరకు రిట్రీట్ అంటే ఆ మేడ మీద గంటసేపు జరిగిందే.

దాన్నిబట్టి కొన్ని మాటలు చర్చకు పెడుతున్నాను. మార్కులు, డ్యూటీలు చేతిలో ఉన్నవాళ్లు ఆ వలయంలో ఉండకూడదు. దళిత, ఆదివాసీ పీజీలు తమలో తాము కూర్చునే చోటు, సమయం ఉండాలి. దాన్ని ‘వేర్పాటు’ అనేవాళ్లు ముందు తమ మెస్ టేబుళ్ల వంక చూసుకోవాలి. శిబిరం రోజులు సెలవులోంచి కోయకూడదు. అక్కడ బయటపడ్డ ఫిర్యాదు కోరుకుంటే రాతపూర్వకంగా ఎస్సీ, ఎస్టీ సెల్‌కు చేరాలి, దానికి గడువులో జవాబు రావాలి. డ్యూటీ చార్టు నోటీసు బోర్డు మీద అందరికీ కనబడాలి. ర్యాంకు ఎవరూ ఎవరినీ అడగకూడదు.

ఇవేవీ లేకుండా జరిగే శిబిరానికి మన పిల్లలు పోవద్దని అనను. పోండి, రెండు రోజులు నిద్రపోండి, మీకు ఆ హక్కుంది. కానీ రాత్రి మేడ మీద కలుసుకోవడం మరిచిపోకండి.