తీగలకి జడ

విజయనగరంలో పాట వినేవాళ్లకి ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ సొంతింటి సంగతి. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలలో ఆయన వయొలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. నాయుడుగారి పాత ప్లేట్లు ఇంట్లో సరిగ్గా వినపడాలన్న పట్టుదలతోనే స్పీకర్ వైర్లు అల్లడం పట్టుకున్నాను.

కావలసింది నెట్‌వర్క్ కేబుల్, ఒక్కో స్పీకర్‌కి మూడు ముక్కలు. పై తొడుగు ఒలిస్తే ఒక్కోదాంట్లో నాలుగు జంటలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ప్రతి రంగుకీ ఒక తెల్లచారల జోడు. రంగు తీగలన్నీ ప్లస్సుకి, చారలవన్నీ మైనస్సుకి. మూడు కట్టల్నీ మూడు పాయలుగా తీసుకుని మరీ బిగించకుండా అల్లాలి. అల్లితే పొడవు తగ్గిపోతుంది, ముందే మూరెడు ఎక్కువ కోసుకోవాలి. "ఏటి బాబూ, తీగలకి జడేస్తన్నావా?" అంది మా అత్త. అచ్చం జడే. పన్నెండు తీగలు కలిస్తే సుమారు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి అవుతుంది.

ప్లస్, మైనస్ తీగలు ఇలా దగ్గరగా పెనవేసుకుంటే వైరు ఇండక్టెన్స్ తగ్గుతుంది. ఆ లాభం కనిపించేది బాగా పై స్థాయి ధ్వనుల్లో, తాళాల గలగలలో. డెబ్బై ఎనిమిది ఆర్‌పీఎం ప్లేట్లలో ఆ పై ధ్వనులు అసలే తక్కువ. కాబట్టి నాయుడుగారి కమాను జడవల్ల బాగుపడదు. బాగుపడేది రాగి మందంవల్ల, కొసలవల్ల. అర చదరపు ఎంఎం సన్నవైరు ఐదు మీటర్లు లాగితే, రాకపోకలు కలిపి 0.4 ఓం దాకా అడ్డు. నాలుగు ఓంల స్పీకర్‌కి అది తక్కువేమీ కాదు.

కొసల విషయం మన జిల్లాల వాళ్లు మరీ పట్టించుకోవాలి. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఉప్పుగాలి. బయట పెట్టిన రాగి నల్లబడుతుంది, పచ్చగా చిలుము పడుతుంది. ఏడాదికోసారి కొస కత్తిరించి, కొత్త రాగి తీసి, లగ్గు నొక్కి బిగించాలి. టంకం పెట్టిన కొసని స్క్రూ కింద పెడితే కొన్నాళ్లకి వదులవుతుంది, నేను ఒప్పుకోను. కొనేటప్పుడే బ్లేడుతో తీగని గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వదిలెయ్యండి.

ఆంప్లిఫయర్‌కి తగిలించే ముందు మల్టీమీటర్‌తో ప్లస్సూ మైనస్సూ కలవలేదని తప్పక చూడాలి. ఇన్ని జంటలు కలిస్తే కెపాసిటెన్స్ పెరుగుతుంది. కొన్ని ఆంప్లిఫయర్లు దాన్ని తట్టుకోలేక వేడెక్కుతాయి. స్పీకర్ కొసన పది ఓంల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి ప్లస్, మైనస్‌ల మధ్య పెడితే కుదుటపడతాయి. ఐదు మీటర్లు దాటితే మాత్రం నేను అల్లను, మామూలు రెండున్నర చదరపు ఎంఎం రాగి వైరే లాగుతాను.