అందరూ ఆహ్వానితులేనా?

2022లో మేం జరిపిన ఒక సాహిత్య సదస్సు ఆహ్వాన పత్రిక ఇంకా నా దగ్గర ఉంది. లేత ఊదారంగు కార్డు. రెండు రోజులు, ఆరు సమావేశాలు, 22 పత్రాలు. అడుగున ‘అందరూ ఆహ్వానితులే’ అన్న వాక్యం. ఆ వాక్యం రాసింది నేనే. ఒక పాఠ్యంలో ఏముందో చూడటం సగమే, ఏం లేదో చూడటం మిగతా సగం అని విద్యార్థులకి చెబుతుంటాను. నేను రాసిన ఈ నాలుగు పేజీల పాఠ్యాన్ని మాత్రం అలా చదవలేదు. నా చేత చదివించింది ఒక మిత్రురాలు.

ఆమె కవయిత్రి. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల చక్రాల కుర్చీ వాడుతుంది. రెండోరోజు ఉదయం కవిత్వ సమావేశంలో ఆమె చదవాలి. ఆ సమావేశం మొదటి అంతస్తులో పెట్టాం. భవనానికి లిఫ్టు లేదు. ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. అంతకుముందు మూడుసార్లు వెళ్లి ఆ హాలు చూసివచ్చాను. కుర్చీలు లెక్కపెట్టాను, మైకు పరీక్షించాను, బ్యానరు కట్టడానికి మేకులున్నాయో లేదో చూశాను. మెట్లు ఎక్కుతూనే ఇవన్నీ చూశాను, మెట్లని చూడలేదు.

‘‘ఫర్వాలేదు మేడమ్, మన పిల్లలున్నారుగా, ఎత్తుకొచ్చేస్తారు’’ అన్నారు కళాశాల వాళ్లు. నలుగురు కుర్రాళ్లు వచ్చారు. మంచి పిల్లలే, శ్రద్ధగానే పట్టుకున్నారు. ఆమె ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు అదిమిపట్టుకుని 24 మెట్లు గాల్లో పైకి వెళ్లింది. హాల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు దేనికో నాకిప్పటికీ తెలియదు. కవిత ఇంకా చదవనేలేదు కదా!

సాయంత్రం ఆమె అంది: ‘‘పొద్దుట్నించీ మంచినీళ్లు ముట్టలేదే. తాగితే మళ్లీ ఆ పిల్లల్ని పిలిచి కిందికి దించమనాలి. దించినా మీ బాత్రూం తలుపులో నా కుర్చీ పట్టదు.’’

మనం శరీరం గురించి చాలా రాశాం. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చినప్పుడు, 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు తెలుగులో ఆడవాళ్ల శరీరం అన్న మాట ఎంత దుమారం రేపిందో మనకి తెలుసు. నా శరీరాన్ని నా ఇష్టం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు అన్నది మన ఉద్యమానికి మొదటి పాఠం లాంటిది. ఆ పాఠం చదువుకున్నవాళ్లం ఒక హాలునిండా ఉండి, నలుగురు పరాయి మగపిల్లలు ఒక స్త్రీని ఎత్తి మోస్తుంటే చప్పట్లు కొట్టాం. ఆమెకి ఇష్టమేనా అని అడగలేదు. సాయం అన్న మాట మధ్యలోకి వచ్చేసరికి అడగాల్సిన ప్రశ్న మనకి గుర్తు రాలేదు. కాదంటే ఆమె కృతఘ్నురాలవుతుంది. ఔనంటే మూటవుతుంది.

ఈ మధ్య వేదికల మీద ‘దివ్యాంగులు’ అంటున్నారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగం తర్వాత ప్రచారంలోకి వచ్చిన మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ అని ఉంది. స్త్రీని దేవత అన్నప్పుడు మనకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. ఇక్కడ ఎందుకు కాలడం లేదు? నా మిత్రురాలు ‘వికలాంగురాలు’ అనే అంటుంది. ‘‘దివ్యత్వం నాకొద్దు, ర్యాంపు చాలు’’ అంటుంది. అదే వేదిక మీద మన వక్తలు ‘కుంటిసాకు’, ‘గుడ్డినమ్మకం’, ‘చెవిటివాడి ముందు శంఖం’ అని ధారాళంగా వాడుతుంటారు. నేనూ వాడాను. నా సిద్ధాంత గ్రంథంలో ‘కుంటిసాకు’ రెండుచోట్ల ఉంది.

ర్యాంపు అంటే రెండు చెక్కలు వాల్చడం అనుకునేదాన్ని. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. మూడడుగుల వేదికకి 36 అడుగులు కావాలి. చాలా హాళ్లలో అంత జాగా దొరకదు. అలాంటప్పుడు అసలు వేదిక ఎందుకు? పెద్దలంతా పైన, వినేవాళ్లంతా కింద అన్న అమరికని మనం ఏనాడూ ఇష్టపడలేదు కదా. అయినా మన సభల్లోనూ అదే అమరిక, అదే పోడియం. కూర్చుని మాట్లాడేవాళ్లు దాని వెనక మాయమైపోతారు.

కళ్లు కనిపించని పాఠకురాలి సంగతి ఇంకోరకం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది పూర్తిగా మన చేతుల్లో ఉన్న పని. మన సదస్సు సంచికలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ అవుతాయి. తెర మీద తెలుగులాగే కనిపిస్తుంది. కానీ కంప్యూటరుకి అది తెలుగు కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, పైన తెలుగు బొమ్మలు తొడిగారు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (ఉచితంగా దొరుకుతుంది, తెలుగు చదువుతుంది) దాన్ని చదవబోతే అర్థంలేని గొణుగుడు వినిపిస్తుంది. యూనికోడ్‌లో ఉంటే అదే వ్యాసం చక్కగా వినొచ్చు. ఇక ఆహ్వానాన్ని బొమ్మగా చేసి వాట్సాప్‌లో పంపుతాం. గులాబీ పూల అంచు ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కి ఆ పువ్వులూ ఒకటే, మన పేర్లూ ఒకటే. బొమ్మ కింద తేదీ, స్థలం, సమయం నాలుగు వరుసలు టైపు చేస్తే రెండు నిమిషాల పని. అంధ విద్యార్థిని ఒకరు మా సంచిక పీడీఎఫ్ అడిగితే పంపి, గొప్ప సాయం చేశాననుకున్నాను. ఆమె మర్యాదకి ‘‘అందింది మేడమ్, థాంక్యూ’’ అని రాసింది. ఏం అందిందో చాలాకాలం తర్వాత తెలిసింది.

బధిర స్త్రీలు మన సభలకి వస్తే? సంజ్ఞాభాషలో అనువదించేవాళ్లని పిలవాలి. ఒక్కరు చాలరు, అలసిపోతారు కాబట్టి ఇద్దరు వంతులవారీగా చేస్తారు. వాళ్లకి పత్రాలు ముందుగా ఇవ్వాలి. మన వక్తల్లో పత్రం ముందుగా ఇచ్చేవాళ్లు ఎందరు? వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేయాల్సిన పనుల్లో సగం, అందరికోసం ఎప్పుడో చేయాల్సినవే. సమయానికి మొదలుపెట్టడం కూడా అంతే. పదింటికని చెప్పి పదకొండున్నరకి జ్యోతి వెలిగిస్తాం, భోజనం మూడింటికి. మందులు వేళకి వేసుకోవాల్సినామె, సాయంత్రం ఐదింటికి రమ్మని ఆటో మాట్లాడుకున్నామె ఏమైపోవాలి? 2020, 21లలో కరోనా వల్ల సభలన్నీ తెరమీదికి వచ్చాయి. నా మిత్రురాలు ఆ రెండేళ్లలో హాజరైనన్ని సభలకి అంతకుముందు పదేళ్లలో హాజరు కాలేదట. తర్వాత మనం సంతోషంగా హాళ్లకి తిరిగొచ్చాం. వస్తూ ఆ తలుపు మూసేశాం.

ఇదంతా దయ కాదు, చట్టం. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు సాంస్కృతిక కార్యక్రమాలకి వాడే ప్రైవేటు భవనాన్ని కూడా ప్రజా భవనమే అంటుంది. 29వ సెక్షన్‌లో వికలాంగ రచయితల ప్రస్తావన విడిగా ఉంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరీ కేసులో, ప్రమాణాల్ని సలహాలుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి నియమాలు ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వెనక ఉన్న నివేదిక హైదరాబాదు నల్సార్‌లోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసింది. మన ఊళ్లో రాసిన నివేదిక మన సభల దాకా రాలేదు.

‘‘ఒకరిద్దరి కోసం ఇంత ఖర్చా? అసలు వాళ్లెవరూ రారు కదా’’ అని ఒక సీనియర్ రచయిత్రి నాతో అన్నారు. ఆవిడంటే నాకు గౌరవం. కానీ ఈ వాదన నేనెక్కడో విన్నాను. సంకలనంలో ఒక్క స్త్రీ పేరూ లేదేమని అడిగితే ‘రాసేవాళ్లుంటే వేసేవాళ్లం కదా’ అన్న సంపాదకుల గొంతు అది. మెట్లు పెట్టి, రావడం లేదనడం. ఖర్చు మాటకొస్తే, మా సదస్సులో శాలువాలకీ జ్ఞాపికలకీ 18 వేలైంది. లెక్కలు రాసింది నేనే.

2025లో మళ్లీ ఒక సభ పెట్టాం. ఈసారి కింది అంతస్తు, వేదిక లేదు, అందరం ఒకే నేల మీద. ఆహ్వానంలో ‘మీకు ఏ ఏర్పాటు కావాలో ముందుగా చెప్పండి’ అని ఒక వాక్యం, కింద ఫోన్ నెంబరు. మిత్రురాలికి పంపాను. ‘‘వాక్యం బావుంది. బాత్రూం తలుపు కొలిచావా?’’ అంది.

కొలిచాను. గుమ్మం 72 సెంటీమీటర్లు, ఆమె కుర్చీ 66. కానీ తలుపు లోపలికి తెరుచుకుంటుంది, వాష్‌బేసిన్ అడ్డమొచ్చి సగంలో ఆగిపోతుంది. రెక్క తీసేసి పరదా కట్టిస్తానన్నాను.

‘‘మీ ఇంట్లో బాత్రూంకి పరదా ఉందా?’’ అనడిగింది.

వడ్రంగిని పిలిచాం. రెక్కని బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించాడు. కొత్త బందులతో కలిపి 600 తీసుకున్నాడు.