పాత వంటకు కొత్త వ్యాఖ్యానం: చారిత్రక వంటకాల వీడియోలు – ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ప్రాచీన గ్రంథాల్లోని వంటకాలను తిరిగి వండి చూపే వీడియోలకు నేడు అభిమానులు ఎందరో ఉన్నారు. అమెరికాకు చెందిన మాక్స్ మిల్లర్ 2020లో ఆరంభించిన ‘టేస్టింగ్ హిస్టరీ’ వీటిలో పేరొందినది. వీక్షకులు చూడటంతో ఆగక తమ వంటింట్లోనూ వాటిని వండి చూస్తున్నారు. ఈ ఉత్సాహాన్ని కాలక్షేపమని కొట్టివేయడం సులభం. కాని పాత వంటకాన్ని వండటమంటే ఒక పాఠాన్ని వ్యాఖ్యానించడమే. అందువల్ల కావ్యవ్యాఖ్యానానికి వర్తించే ప్రమాణాలు దీనికీ వర్తిస్తాయి.

పాఠంలోని ఖాళీలు

రోమన్ పాకగ్రంథమైన ‘అపీసియస్’ చాలా వంటకాలకు కొలతలు చెప్పదు. దినుసులను వరుసగా పేర్కొని ఊరుకుంటుంది. అది వంట వచ్చినవారిని ఉద్దేశించిన రచన. ఆ మౌనాన్ని నేటి వంటవాడు తన ఊహతో పూరించక తప్పదు.

దినుసే అంతరించినప్పుడు సమస్య మరింత జటిలమవుతుంది. ఉత్తరాఫ్రికాలోని సైరీనీ ప్రాంతపు సిల్ఫియం మొక్కను రోమన్లు ఎంతో విలువైనదిగా ఎంచారు. తన కాలంలో ఒకే ఒక్క కాడ దొరికిందనీ, దానిని నీరో చక్రవర్తికి పంపారనీ ప్లినీ నమోదు చేశాడు. ఆ మొక్క కరవైనప్పుడు రోమన్లు తూర్పు దేశాల నుండి వచ్చిన ఇంగువను దానికి బదులుగా వాడారు. తెలుగువారి పప్పుచారు పోపులో పడే ఇంగువే నేటి పునఃసృష్టికర్తలకూ ఆధారం. అంటే ఇక్కడ ప్రత్యామ్నాయానికీ ఒక చరిత్ర ఉంది. ఆ సంగతి విప్పి చెప్పిన వీడియో జ్ఞానాన్నిస్తుంది. చెప్పకుండా ‘అసలైన రోమన్ రుచి’ అని ప్రకటించినది భ్రమను పంచుతుంది.

పేరు కలిసినంత మాత్రాన

పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ 12వ శతాబ్ది రచన. అందులోని ‘ఇడ్డరిక’ను ఇడ్లీకి పూర్వరూపంగా చెప్పడం పరిపాటి. అయితే అక్కడ చెప్పినది మినుములతో చేసే వంటకం. నేటి ఇడ్లీకి అవసరమైన బియ్యపు రవ్వ ప్రస్తావన లేదు. పేరులోని పోలిక వంటకం ఒకటేనని నిరూపించదు. అదే గ్రంథంలో పందిమాంసపు వంటకాలు, ఎలుకను కాల్చి వండే విధానం కూడా ఉన్నాయి. ఇడ్డరికకు దక్కిన ప్రచారం వాటికి దక్కలేదు. నేటి అభిరుచికి నచ్చినదాన్నే ఎంచుకుని దానిని గతంగా చూపడం అభిమానంలోని ప్రధాన లోపం.

ఎవరి వంటిల్లు?

ఇంగ్లండులోని ఆడ్లీ ఎండ్ భవనంలో 1880లలో ప్రధాన వంటమనిషిగా పనిచేసిన ఏవిస్ క్రోకోంబ్ చేతిరాత పుస్తకం ఆధారంగా ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వీడియోలు రూపొందించింది. నటి ఆ పాత్రను ధరించడం వల్ల కల్పన కొంత చేరినా, సేవకురాలి శ్రమకు అక్కడ పేరు దక్కింది. ‘మానసోల్లాసం’ రాజు భోగాన్ని వర్ణించే గ్రంథం. పొయ్యి ముందు నిలిచినవారి పేర్లు అందులో లేవు. రాజు పళ్లెం మాత్రమే చూపే వీడియో ఆ అదృశ్యాన్ని రెండవసారి స్థిరపరుస్తుంది.

తెలుగు సందర్భం

‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు వడ్డించే పదార్థాల వర్ణన ప్రసిద్ధం. ఆ వడ్డనను పునఃసృష్టించదలచినవారు ఎండుమిరపకాయ వేస్తే కాలదోషం తప్పదు. మిరప అమెరికా ఖండాల నుండి పోర్చుగీసుల ద్వారా ఈ దేశానికి చేరినది; నాటి వంటలో కారానికి ఆధారం మిరియమే. పైగా కావ్యం పదార్థాల పేర్లు చెబుతుంది గాని వండే పద్ధతి చెప్పదు. ఆ పద్ధతి కొంతవరకైనా నేటి పెద్దల చేతుల్లో, వాడుక మాటల్లో మిగిలి ఉంది. గ్రంథపాఠాన్ని చదవగల పరిశోధకుడూ, వరుగుల వాసన ఎరిగిన వంటమనిషీ కలిసి కూర్చోనిదే తెలుగులో ఈ పని పూర్తికాదు.

ముగింపు

అభిమానుల ఉత్సాహం పాకగ్రంథాలను అటకల మీది నుండి దించింది; వాటి మౌనాలను వేళ్లతో తాకి చూపింది. అది చిన్న సేవ కాదు. కాని వీడియోలోని ఊహ రేపు సిద్ధాంతవ్యాసంలో ఆధారంగా చేరే ప్రమాదం ఉంది. ఒకసారి చేరితే తాతల నాటి నిజమైన వంట తప్పుగా కనిపిస్తుంది. కనుక మూలపాఠాన్ని చూపడం, మార్చిన దినుసును ప్రకటించడం, అది ఎవరి వంటిల్లో చెప్పడం – ఈ మూడూ ఉన్న వీడియోనే పరిశోధకుడు ఆధారంగా పరిగణించాలి. మిగిలినవి రుచికరమైన కల్పనలు.