దక్షిణాఫ్రికా గని సాహిత్యం - ఊరిగాం నుంచి ఒక పరిశీలన

దక్షిణాఫ్రికా సాహిత్యం అనగానే మన పాఠకులకు వర్ణవివక్ష గుర్తుకొస్తుంది. 1991లో నాడిన్ గోర్డిమర్‌కూ, 2003లో జె. ఎం. కూట్సీకీ వచ్చిన నోబెల్ బహుమతులు గుర్తుకొస్తాయి. ఆ సాహిత్యానికి అడుగున ఒక బంగారు గని ఉందన్న సంగతి మాత్రం అంతగా గుర్తుకు రాదు. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడకపోతే జొహానెస్‌బర్గ్ నగరమే లేదు. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ మన కోలారు గనులకు వచ్చింది 1880లో. రెండు చోట్లా ఇంగ్లండు పెట్టుబడే, రెండు చోట్లా పాతాళమంత లోతే. ఊరు పక్కన కొండల్లా పేరుకుపోయిన గని మట్టి దిబ్బలు కూడా రెండు చోట్లా ఉన్నాయి. ఊరిగాం, మారికుప్పం, చాంపియన్ రీఫ్ అన్న పేర్లు ఇంటి పేర్లలా వాడుకునే మనం ఆ సాహిత్యాన్ని పరాయి సొమ్ముగా చూడనక్కర్లేదు.

మనిషి గనిలోకి ఎందుకు దిగాడన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు గనిలో దొరకదు, పొలంలో దొరుకుతుంది. 1913 భూమి చట్టం దక్షిణాఫ్రికా నల్లవారికి దేశ భూమిలో సుమారు 7 శాతం మాత్రమే మిగిల్చింది. ఆ చట్టం వల్ల పశువులను తోలుకుని దిక్కులేక దారులు పట్టిన కుటుంబాల గోడును సాల్ ప్లాకీ 1916లో పుస్తకంగా అచ్చువేశాడు. భూమి పోయినవాడికి గని తప్ప గతి లేదని ఆ పుస్తకం చదివితే బోధపడుతుంది. మన లైన్లలోకి వచ్చిన వాళ్లు చిత్తూరు, ఉత్తర ఆర్కాడు మెట్ట పొలాల నుంచి వచ్చారు. వారిలో ఎక్కువ మందికి ఊళ్లో భూమీ లేదు, గౌరవమూ లేదు. అక్కడ రంగు చేసిన పనిని ఇక్కడ కులం చేసింది.

గని నవలల్లో ముందుగా చెప్పుకోవలసింది పీటర్ అబ్రహామ్స్ రాసిన 'మైన్ బాయ్'. అబ్రహామ్స్ 1919లో జొహానెస్‌బర్గ్ పేదపేట వ్రెడెడార్ప్‌లో పుట్టాడు, 1939లో దేశం విడిచి వెళ్లాడు, 2017లో జమైకాలో కన్నుమూశాడు. నవల 1946లో వచ్చింది. పల్లె నుంచి పని వెతుక్కుంటూ నగరానికి వచ్చిన జూమా అనే యువకుడి కథ ఇది. దొంగసారా అమ్మి బతికే లియా అతనికి ఆశ్రయం ఇస్తుంది. గనిలో అతను కూలీల మీద పెద్దగా ఎదుగుతాడు. ఊపిరితిత్తులు చెడి రక్తం కక్కుతున్న ఒక కూలీ, అప్పు తీరేదాకా తనను పనిలోనే ఉండనివ్వమని వేడుకునే ఘట్టం ఈ నవలలో ఉంది. మన లైన్లలో గని దుమ్ముతో దగ్గిన మనుషులను చూసినవాళ్లకు దాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. చివర్లో గని కూలినప్పుడు జోహానెస్, క్రిస్ అనే ఇద్దరు కప్పును ఆపి తక్కినవారిని బయటికి పంపి తాము చనిపోతారు. చోటు బాగుచేసేదాకా మనుషులను దింపనని జూమా ఎదురు తిరుగుతాడు.

ఇంత బలమైన నవలలోనూ లోపాలు లేకపోలేదు. గని లోపలి పని వర్ణన పలచన. అబ్రహామ్స్‌కు పేట తెలిసినంతగా సొరంగం తెలియదు. మనుషులకు రంగు లేని లోకం గురించి చివర్లో వచ్చే సంభాషణలు ఉపన్యాసాల్లా వినిపిస్తాయి. కానీ లియా ఇల్లు మాత్రం మరపురాదు. తాగేవాళ్లు, తగవులాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఒకరికొకరు అన్నం పెట్టేవాళ్లు అందరూ అక్కడ ప్రాణంతో కదులుతారు. గని నవలకు ప్రాణం గనిలోనే ఉండాలన్న నియమం లేదని ఈ పుస్తకం రుజువు చేసింది. నవల వచ్చిన ఏడాదే, 1946 ఆగస్టులో, 60 వేలకు మించిన గని కూలీలు సమ్మె కట్టారు. దాన్ని పోలీసు బలంతో అణచివేశారు. కనీసం 9 మంది చనిపోయారు. రచయిత ఊహ ఎంత నిజానికి దగ్గరగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అబ్రహామ్స్ ఇంగ్లీషులో రాస్తే, బి. డబ్ల్యు. విలకాజి తన మాతృభాష జూలూలో రాశాడు. 1906లో పుట్టిన విలకాజి విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1946లో అక్కడ డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతి పండితుడు అయ్యాడు. మరుసటి ఏడే చనిపోయాడు. 1945 సంపుటిలోని అతని గని కవిత కూలీ నోట నడుస్తుంది. తెల్లవారుజాము నుంచి ఊళలు పెట్టే యంత్రాలతో కూలీ మాట్లాడతాడు. వాటిని కొంచెం ఆగమంటాడు. తన ఊపిరి పాడైందంటాడు. పోయిన నేల పెద్దల చలవతో తిరిగొస్తుందని కల కంటాడు. విలకాజి గనిలో పనిచేసినవాడు కాడు, అయినా ఆ కవిత బయటివాడి జాలిగా వినిపించదు. జూలూ పద్యంలో అంత్యప్రాస వాడాడని తోటి రచయిత హెచ్. ఐ. ఇ. ధ్లోమో 1930ల చివర్లో ఆక్షేపించాడు. ఛందస్సు గురించి మన పెద్దలు పడ్డ తగాదాలు చదివినవారికి ఇదీ కొత్త కాదు. వాదం ఎటు తేలినా, కూలీ పాట కూలీ భాషలోనే పుట్టింది. అది ముఖ్యం.

గోర్డిమర్ కంచెకు అవతలి వైపు మనిషి. ఆమె 1923లో స్ప్రింగ్స్ అనే గని పట్టణంలో పుట్టింది. 1953లో వచ్చిన తొలి నవలలో కథానాయిక గని ఉద్యోగి కూతురు. గని ఆవరణలో పెరిగిన తెల్లపిల్లకు పక్కనే ఉన్న వేలాది కూలీలు మనుషులుగా కనబడటానికి ఎన్నేళ్లు పడుతుందో ఆమె నిజాయితీగా చూపింది. మన బంగళాలు, క్లబ్బులు, గోల్ఫు మైదానాల వైపు నుంచి కూడా అటువంటి కథ ఒకటి రావలసి ఉంది.

పోలికలతో పాటు తేడా కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాలో కూలీ భార్యాపిల్లలను పల్లెలో వదిలి, గడువు ఒప్పందం మీద మగవాళ్ల బారకాసుల్లో ఉండాల్సి వచ్చేది. అందుకే అక్కడి సాహిత్యంలో ఇల్లు లేదు, లియా సారాకొట్టు ఉంది. మన గనికి కుటుంబంతో వచ్చారు, తట్టి ఇళ్లలో తరాలు గడిపారు. మన గని నవలలో నీళ్ల కొళాయి దగ్గర వరుస ఉంటుంది. జీతం రోజు వాకిట్లో నిలబడ్డ అప్పులవాడు ఉంటాడు. రాతి పేలుడు శబ్దం వినగానే షాఫ్టు వైపు పరిగెత్తే ఆడవాళ్లు ఉంటారు. 1930లో వేలిముద్రల నమోదు మీద గని మొత్తం ఆగిన సమ్మె ఉంటుంది. ఈ వస్తువు మరెవరి దగ్గరా లేదు.

అయితే ఏ భాషలో? లైన్లలో తమిళం పెద్ద గొంతు, చుట్టు పల్లెల్లో తెలుగు, బళ్లో కన్నడం, కాగితాల మీద ఇంగ్లీషు. దక్షిణాఫ్రికా గనుల్లో ఫనగలో అనే కలగలుపు భాష వాడారు. అది ఆజ్ఞలకు పనికొచ్చింది, మనసు చెప్పుకోవడానికి చాలలేదు. మనకు ఆ ఇబ్బంది లేదు. మన కలగలుపు తెలుగులో తిట్టూ ఉంది, జోలపాటా ఉంది. దాన్ని బళ్లో నేర్పని తెలుగని సిగ్గుపడి, పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తే విలకాజి నేర్పిన పాఠం వృథా. కెన్యా రచయిత న్గూగీ ఇంగ్లీషు వదిలి గికుయు పట్టడం తెలుగువారు ఎరిగినదే. అతని పుస్తకాలను వరవరరావు తెలుగు చేశాడు.

సింగరేణి బొగ్గు తెలుగు కథలోకి వచ్చింది. అల్లం రాజయ్య తరం దానికి ఊపిరి పోసింది. కోలారు బంగారానికి తెలుగులో అంతటి నవల ఇంకా రావలసే ఉంది. 2018లో వచ్చిన కన్నడ సినిమా పేరు మనది, కథ మనది కాదు. మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. దిగినవాళ్లు ముసలివాళ్లు అవుతున్నారు. వాళ్ల పిల్లలు పొద్దున్నే బెంగళూరు రైలు ఎక్కుతున్నారు, చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అబ్రహామ్స్, విలకాజి గని నడుస్తుండగా రాశారు. మనకు ఆ వీలు పోయింది. జ్ఞాపకం ఉన్న మనుషులు ఇంకా మిగిలారు. నవల రాయగలవారు రాయనీ. రాయలేని వారు కనీసం ఒక ముసలాయన పక్కన కూర్చుని, ఆయన మాట ఆయన యాసలోనే కాగితం మీద పెట్టి, ఇటువంటి పత్రికకు పంపాలి. రేపటి నవలాకారుడికి కావలసిన ముడిసరుకు అదే.