అద్దం కెమెరా అందుకున్న ఎత్తు: నికాన్ డీ850

కెమెరా దుకాణాల్లో ఇప్పుడు ముందు వరుసంతా మిర్రర్‌లెస్‌లదే. కానన్, నికాన్ తమ చివరి మేటి డీఎస్ఎల్ఆర్‌లను, అంటే అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలను, 2020లోనే తెచ్చేశాయి. అయినా ఫొటోగ్రఫీని వృత్తిగా నేర్చుకోవాలనుకునే వాళ్లు నన్నడిగితే నికాన్ డీ850 పేరే ముందు చెబుతాను. ఆ సంస్థకు నూరేళ్లు నిండిన 2017లో వచ్చిందది. అద్దం కెమెరా ఇంతకంటే పైకి వెళ్లలేదని నా అభిప్రాయం.

డీ850 ఫుల్ ఫ్రేమ్ కెమెరా. ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సర్ దాదాపు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. సినిమా ఫిల్మును కెమెరాలో అడ్డంగా నడిపి ఈ కొలతను స్థిరపరచింది జర్మనీకి చెందిన ఆస్కార్ బర్నాక్. ఆయన రూపొందించిన లైకా 1925లో జనం చేతికి వచ్చింది. చిన్న కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్‌కు ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యంలో రెండింతలకు పైనే. అదే అపెర్చర్, అదే షట్టర్ వేగం పెట్టినా ఇది మొత్తంగా పట్టే వెలుగు ఎక్కువ. అందుకే రాత్రి ముహూర్తాల్లో ఐఎస్ఓ 3200 పెట్టినా పెళ్లికూతురి ముఖం మీద గరుకు పెద్దగా తెలియదు.

ఇక అద్దం సంగతి. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం పైకి మళ్లిస్తుంది. అది ఫోకసింగ్ తెర మీద పడి, పెంటాప్రిజంలో తిరిగి, తలకిందులు కాని బొమ్మగా కంటికి చేరుతుంది. అద్దం నడిమి భాగం కొంత వెలుగును వెనక్కి వదులుతుంది. వెనకున్న చిన్న అద్దం దాన్ని కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. డీ850లో ఆ సెన్సర్‌కు 153 పాయింట్లు. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, షట్టర్ తెరలు కదులుతాయి, వ్యూఫైండర్ చీకటవుతుంది. అంటే మీరు తీసిన ఆ క్షణం మీ కంటికి కనబడదు.

ఇది లోపమని చాలామంది అంటారు. నేను మాత్రం దీన్నే గొప్ప శిక్షణ అంటాను. తలంబ్రాలు చూడండి. గింజలు గాల్లో విడివిడిగా నిలవాలంటే సెకనులో 500వ వంతు వేగమైనా కావాలి. దోసిలి పైకి లేచాక నొక్కితే ఆలస్యమే. మోచేయి కదలికను, నవ్వు మొదలయ్యే తీరును చూసి ముందే నొక్కాలి. సెకనుకు ఏడు ఫొటోలు తీసే కెమెరా అయినా ఆ కనిపెట్టడం మనిషి పనే. పైగా ఈ వ్యూఫైండర్ చూపించేది ఉన్న వెలుగునే గానీ రాబోయే ఫొటోను కాదు. మండపం వెనక వీడియో లైటు ఉంటే ఎక్స్‌పోజర్ ఎంత మార్చాలో మీరే లెక్కవేసుకోవాలి. వెలుగును చదవడం అలాగే వస్తుంది.

45.7 మెగాపిక్సెళ్లు, ఐఎస్ఓ 64, 14 బిట్ రా ఫైలు: ఈ మూడూ కలిస్తే పట్టుచీర జరీలో మెరుపు, పక్కనే తెల్ల పంచె మడతలు రెండూ నిలుస్తాయి. అయితే లో పాస్ ఫిల్టర్ లేదు కాబట్టి సన్నని నేత మీద అప్పుడప్పుడు లేని చారలు పుడతాయి. కొంచెం జరిగి మళ్లీ తీయాలి. వెనక తెర మీద చూస్తూ తీస్తే ఫోకస్ మందగిస్తుంది. బ్యాటరీతో కలిపి కిలో బరువు. ఫోకస్ సెన్సర్ వేరేచోట ఉండటంతో కొన్ని లెన్సులకు గురి కాస్త తప్పుతుంది. దాన్ని మెనూలో సరిదిద్దుకోవచ్చు.

1959 నాటి ఎఫ్ మౌంటే దీనికీ ఉంది. బాడీలో ఫోకస్ మోటారు ఉండటంతో పాత ఏఎఫ్-డి లెన్సులూ చక్కగా పనిచేస్తాయి. తక్కువ డబ్బుతో మంచి లెన్సులు సమకూర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్లయితే షట్టర్ కౌంట్ తప్పక అడగండి. దీని షట్టర్‌ను 2 లక్షల క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీ చెబుతుంది. అపెర్చర్ ఎఫ్/16లో పెట్టి తెల్ల గోడను ఫొటో తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూడండి. రెండు కార్డు స్లాట్లూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. మిగిలిన డబ్బు ఒక మంచి 85 ఎంఎం లెన్స్ మీద పెట్టండి.