నల్లరేగడిలో పునాది: మన ప్రమాణ గ్రంథములపై ఒక విమర్శ

కర్నూలు, ప్రకాశము, ఆదిలాబాదు ప్రాంతములలోని నల్లరేగడి గ్రామములను చూచినవారికి గోడలమీది ఒక గీత సుపరిచితము. అది కిటికీ మూలనుండి బయలుదేరి ఏటవాలుగా కప్పు వైపునకు ప్రాకు పగులు. ఒక ఋతువులో వెడల్పగును, మరియొక ఋతువులో కొంత మూసుకొనును. యజమాని దానిని సిమెంటుతో పూడ్పించి వెల్ల వేయించును. మరుసటి యేడు అది అదే చోట మరల కనిపించును. యజమాని మేస్త్రిని నిందించును. మేస్త్రి ఇసుకనో, ఇటుకనో నిందించును. నేల సంగతి మాత్రము ఎవరును ఎత్తరు. ఒక కుటుంబము ఇరువది సంవత్సరములు కూడబెట్టిన డబ్బు ఆ గోడలలో ఉన్నది కనుక ఇది చిన్న విషయము కాదు.

రేగడిలో పునాది ఎట్లు వేయవలెనో మన దేశములో తెలియక కాదు. భారతీయ ప్రమాణములను ప్రకటించు సంస్థ దీనిని గురించి చాలకాలము క్రిందటనే వ్రాసియుంచినది. పునాదుల సామాన్య నియమములు ఐ.ఎస్. 1904 లోను (1986), పైలు పునాదులలో మనకు కావలసిన రకము ఐ.ఎస్. 2911 మూడవ భాగములోను (1980), నేలల వర్గీకరణము ఐ.ఎస్. 1498 లోను (1970), ఉబ్బు పరీక్ష ఐ.ఎస్. 2720 నలుబదియవ భాగములోను (1977) ఉన్నవి. ఇవి ఇంజనీర్లకొరకు వ్రాసిన పుస్తకములని నేనెరుగుదును. కాని రెండు గదుల ఇల్లు కట్టుకొనువానికి ఇంజనీరు ఎక్కడ దొరకును? ఊరిలో సైన్సు చదివినవాడు హైస్కూలు ఉపాధ్యాయుడే. అట్టివాడు ఈ పుస్తకములను చేత పట్టినచో ఏమి గ్రహించును, ఎక్కడ తికమకపడును అనునదే ఈ వ్యాసములో నేను పరిశీలింపదలచినది.

ముందుగా నేల స్వభావము చూతము. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను బంకఖనిజము విశేషముగా ఉండును. దాని కణములు అతి పలుచని పొరల దొంతరలు. నీరు తగిలినపుడు అది పొరల నడుమ దూరి వానిని ఎడముచేయును. నీరు ఆరినపుడు పొరలు మరల దగ్గరకు వచ్చును. అందుచేతనే వేసవిలో రేగడి చేలు చేయి పట్టునంతటి నెఱ్ఱెలు విచ్చును, తొలకరికి అవి పూడిపోవును. రైతుకు ఇది మేలు. నేల తనను తాను దున్నుకొన్నట్లే. ఇంటికి మాత్రము ఇదియే చేటు. ఇల్లు కట్టిన పిమ్మట గచ్చు క్రింద నున్న మట్టి ఎండకు, వానకు మరుగుపడి తేమను నిలుపుకొనును. వెలుపలి గోడల క్రింది మట్టి ప్రతియేడును తడియుచు, ఆరుచు ఉండును. ఇంటి నడిమిభాగము ఒక తీరున, అంచులు మరియొక తీరున కదలుటచేత గోడ విరుగును.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకములు ఈ విషయమును నేర్పు పద్ధతి చూడుడు. పునాది అనగానే ఒక పట్టిక ఇత్తురు: ఱాతినేలకు ఇన్ని టన్నులు, గులకకు ఇన్ని, ఇసుకకు ఇన్ని, బంకమట్టికి ఇన్ని. చదరపు మీటరుకు నేల భరింపగల బరువు అది. ఇంటి బరువును ఆ అంకెతో భాగించినచో ఫుటింగ్ వెడల్పు వచ్చును. లెక్క సులభము, పరీక్షలో మార్కులు నిశ్చయము. కాని ఈ లెక్కలో ఒక ఊహ దాగియున్నది: నేల క్రిందికి మాత్రమే కదలుననియు, దానిని క్రుంగకుండ చూచుటయే మన పని యనియు. రేగడి పైకి కూడ కదలును!

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక అంతస్తు ఇంటిలో ఒక మీటరు పొడవు గోడ, దానిమీద పడు కప్పు భాగము, క్రింది పునాది కట్టడము అన్నియు కలిపి 3.6 టన్నులనుకొందము. ఫుటింగ్ వెడల్పు 90 సెంటీమీటర్లయినచో నేలమీద ఒత్తిడి చదరపు మీటరుకు 4 టన్నులు. ఇది నల్లనేల, జాగ్రత్త అని మేస్త్రి వెడల్పును 120 సెంటీమీటర్లు చేసినాడనుడు. ఒత్తిడి 3 టన్నులకు దిగినది. నేల క్రుంగునదైనచో ఇది మంచి పనియే. కాని ఉబ్బిన రేగడి పైకి త్రోయు పీడనము చదరపు మీటరుకు పది, ఇరువది టన్నులకు మించియుండుట ప్రయోగశాలలలో కన్పట్టినదే. అంతటి బలమును 4 టన్నులే ఆపలేకపోగా, 3 టన్నులు ఎట్లు ఆపును? సిమెంటు ఎక్కువ పోసి, ఖర్చు ఎక్కువ పెట్టి, నేల ఎత్తుటకు మరింత సులువైన ఇంటిని కట్టినట్లయినది. వెడల్పు పెంచుట బలమను నమ్మకము మన ఊళ్లలో ఎంత గట్టిగా నాటుకొన్నదో చూచినచో పాఠ్యపుస్తకములోని ఆ పట్టికపై కోపము రాక మానదు.

ఐ.ఎస్. 1904 ఈ విషయములో పాఠ్యపుస్తకములకన్న చాల మేలు. పునాది సహజభూమట్టమునకు కనీసము 50 సెంటీమీటర్ల క్రిందికి పోవలెనని అది చెప్పును. తేమ మార్పులచే ఉబ్బి ముడుచుకొను నేలలలో ఆ కదలిక గణనీయముగా నున్న మండలమును దాటి పోవలెననియు చెప్పును. రెండవ మాటయే రేగడికి ప్రాణము. అయితే మొదటి మాటలో అంకె ఉన్నది. రెండవ మాటలో లేదు. జనులు అంకెను జ్ఞాపకముంచుకొందురు, వాక్యమును మరచిపోవుదురు. యాబది సెంటీమీటర్లు అను మాట కంట్రాక్టరు నోట వినబడినంతగా, కదలిక లేని లోతు అను మాట వినబడదు. దీనికి పుస్తకము బాధ్యత కొంతయైనను వహింపక తప్పదు. నియమము వ్రాయువాడు అది ఏ రూపమున నోటినుండి నోటికి పోవునో కూడ ఆలోచింపవలెను.

ఆ లోతు ఎంత? దీనికి జవాబు మరియొక పుస్తకములో, అనగా ఐ.ఎస్. 2911 మూడవ భాగములో వెదకికొనవలెను. ఈ పుస్తకము వెనుక రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారి కృషి ఉన్నది. 1950 ప్రాంతములనుండి వారు రేగడి నేలలలో పరిశోధించి, లోతైన రేగళ్లలో సుమారు 3.5 మీటర్ల దిగువన ఋతువులవలన కలుగు కదలిక ఉపేక్షింపదగినంత స్వల్పమని తేల్చిరి. అంతవరకు గోడ పొడవునా కందకము త్రవ్వుట ఎవరి తరము? అందుచేత ఒక సన్నని గుండ్రని గుంతను బోరువలె త్రవ్వి, దాని అడుగుభాగమును ఒక పరికరముతో బల్బువలె విశాలముచేసి, ఇనుపకడ్డీలతో కాంక్రీటు పోయుదురు. దీనినే అండర్‌రీమ్డ్ పైలు అందురు. సామాన్యముగా బల్బు వ్యాసము కాడ వ్యాసమునకు రెండున్నర రెట్లుండును. పై మట్టి ఉబ్బి కాడను పైకి లాగినను, కదలని పొరలో పాతుకొన్న బల్బు దానిని బిగబట్టి యుంచును. ముల్లంగి గడ్డను పీకి చూచిన పిల్లవానికి కూడ ఈ సూత్రము బోధపడును. గోడలు ఈ పైళ్లను కలుపు బీములమీద లేచును. బీమునకును నేలకును నడుమ 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలవలెను. నేల ఉబ్బినపుడు బీమును తాకకుండ ఆ ఖాళీలోనికి లేచును. మన దేశపు మట్టిని చూచి, మన దేశపు చేతిపనివారు చేయగల ఉపాయమును కనిపెట్టిన ఈ పుస్తకమును ఎంత మెచ్చుకొన్నను తగును.

చిక్కు అంతయు తరువాతి ప్రశ్నలో ఉన్నది. నా స్థలములోని మట్టి పైళ్లు వేయవలసినంత చెడ్డదా? ఇందుకు చెప్పిన పరీక్ష హైస్కూలు ప్రయోగశాలలో చేయదగినంత తేలిక. మట్టిని ఆరబెట్టి, పొడిచేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు భాగములు తూచవలెను. రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీలలో ఒకదాని నిండ నీరు, రెండవదాని నిండ కిరోసిను పోసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్కదానిలో వేసి, గాలిబుడగలు పోవునట్లు కలిపి, 24 గంటలకు తక్కువ కాకుండ కదల్పక ఉంచవలెను. (దీపములు, స్టౌలు దరిని ఉండరాదు.) కిరోసినుకు పొరలనడుమ దూరు గుణము లేనందున అందులో రేగడి ఉబ్బదు. నీటిలోని మట్టి ఘనపరిమాణమునుండి కిరోసినులోని దానిని తీసివేసి, వచ్చినదానిని కిరోసినులోని పరిమాణముతో భాగించి, నూరుచే గుణించినచో ఉబ్బు శాతము వచ్చును.

నీటిలో 17, కిరోసినులో 12 మిల్లీలీటర్లు వచ్చినవనుకొందము. ఉబ్బు సుమారు 42 శాతము. ఇప్పుడు తీర్పు చెప్పించుకొనుటకు పుస్తకములు తెరువుడు. ఐ.ఎస్. 2911 ప్రకారము 20 లోపు స్వల్పము, 20 నుండి 35 వరకు మధ్యమము, 35 నుండి 50 వరకు అధికము, 50 దాటిన అత్యధికము. కనుక మన మట్టి అధికముగా ఉబ్బునది. ఐ.ఎస్. 1498 చూడుడు: 50 లోపు స్వల్పము, 50 నుండి 100 మధ్యమము, 100 నుండి 200 అధికము, 200 దాటిన అత్యధికము. దీని ప్రకారము అదే మట్టి నిరపాయకరమైనది! రెండును ఒకే సంస్థ ప్రకటించిన పుస్తకములు. ఒకదానిలో ‘స్వేచ్ఛా ఉబ్బు’ అనియు, రెండవదానిలో ‘భేద స్వేచ్ఛా ఉబ్బు’ అనియు పేరులో స్వల్పభేదమున్నది. కాని ఆ భేదములోని మర్మమును ఊరి ఉపాధ్యాయుడు ఎట్లు కనిపెట్టును? 1956 లో అమెరికాలో హోల్ట్జ్, గిబ్స్ అనువారు ఉబ్బును పొడిమట్టి మొదటి పరిమాణముతో పోల్చి, 50, 100 అను హద్దులను సూచించిరి. ఐ.ఎస్. 1498 లోని హద్దులు వానిని పోలియున్నవి. కిరోసినుతో పోల్చు కొలతకు ఆ హద్దులు సరిపోవునని అనుకొనుటకు ఆధారము కన్పట్టదు.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీధరన్ గారు, వారి సహపరిశోధకులు ఈ పరీక్షలోనే ఒక లోపమును చూపిరి. కెయొలినైట్ ఎక్కువగా గల మట్టి నీటిలోకన్న కిరోసినులోనే ఎక్కువ స్థలము ఆక్రమించును. అప్పుడు ఉబ్బు శాతము ఋణసంఖ్య యగును. ఉబ్బు ఋణసంఖ్య యగుటకు అర్థమేమి? అందుచేత వారు తీసివేత మాని, రెండు పరిమాణముల నిష్పత్తినే చూడుమనిరి. 2004 లో ప్రకటించిన వారి వర్గీకరణములో 1.5 లోపు నిష్పత్తి స్వల్పమైన ఉబ్బును సూచించును. మన ఉదాహరణములో నిష్పత్తి 1.42. మూడవ న్యాయాధిపతి రెండవవానితో ఏకీభవించినాడు.

ఓట్లు లెక్కించి తేల్చు వ్యవహారము కాదిది. నా అభిప్రాయములో ఇల్లు కట్టువాడు ఐ.ఎస్. 2911 మాటనే వినవలెను. నిష్పత్తి పద్ధతి మట్టిలోని ఖనిజము ఎట్టిదో తెలిసికొనుటకు మేలైనదే; ఆ పనిలో దానికి నేను పెద్దపీట వేయుదును. కాని ఐ.ఎస్. 2911 హద్దులు ఇండ్ల పునాదులను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. తేలికపాటి ఇంటికి కొద్ది ఉబ్బు కూడ చాలును. పొరపాటున జాగ్రత్త పడినచో కొంత సొమ్ము పోవును. పొరపాటున ధైర్యపడినచో ఇల్లే పోవును.

ఈ పుస్తకములన్నింటిలోను మరియొక కొరత నాకు తోచినది. మట్టి గుణమునకు ఇచ్చిన ప్రాధాన్యము ఇంటి చుట్టు నీటి నడవడికి ఇచ్చినట్లు తోచదు. ఉబ్బుట మట్టి గుణమే యైనను, ఉబ్బించునది నీరు. గోడ ప్రక్కనే స్నానపు నీరు ఇంకు ఇల్లు, చూరునీరు పునాదిలోనికి దిగు ఇల్లు, గోడకు రెండు గజములలో పెద్దచెట్టు గల ఇల్లు ఒకే మట్టిమీద ఒకే తీరున ఉండవు. రేగడిని త్రవ్వి ఇసుక నింపుట మన పల్లెలలో వాడుక. అడుగు రేగడిగనే ఉన్నచో ఆ ఇసుక వాననీటిని నిలువచేసి క్రింది మట్టికి త్రాపు తొట్టి యగును. ఇసుకకు బదులు ఉబ్బని బంకగల మొరము వంటి మట్టిని సుమారు మీటరు మందమున గట్టిగా దిమ్మిస చేయు పద్ధతిని బొంబాయి ఐ.ఐ.టి. లోని కట్టీ గారు ప్రచారమునకు తెచ్చిరి. కాలువల గోడల క్రింద అది బాగుగా పనిచేసినది.

ఇంతమాత్రముచేత మన రాష్ట్రములంతట పైళ్లు పాతవలెనని ఎవరును భ్రమపడరాదు. తెలంగాణములోని ఎర్ర చల్కలలో చాలచోట్ల గట్టి మొరము కొద్దిలోతుననే తగులును. అక్కడ సాధారణ ఫుటింగ్ చాలును, పైళ్లు దండుగ. కృష్ణా, గోదావరి డెల్టాలలో మెత్తని బంకమట్టియు, పైకి వచ్చిన భూగర్భజలమును ఉన్నచోట రోగము వేరు. అక్కడ క్రుంగుటయే భయము, అక్కడ వెడల్పు పెంచుట నిజముగనే ఉపకరించును. రేగడికి చేటైన మందు డెల్టాకు పథ్యమగును. ఊరు మారినను ఒకే కొలతలతో ఫుటింగ్ గీసియిచ్చు ఇంటిప్లానుల వ్యాపారము ఇందువలననే ప్రమాదకరము.

ఈ ప్రమాణములను మరల సవరించు కాలమున నేను కోరునవి పెద్దవి కావు. రెండు పుస్తకములలోని హద్దుల పట్టికలను ఒకటి చేయవలెను, లేదా భేదమునకు కారణమును ఒక్క వాక్యములో చెప్పవలెను. 50 సెంటీమీటర్ల నియమము ప్రక్కనే, అదే వరుసలో, లోతైన రేగళ్లకు 3.5 మీటర్లని అంకెతో వ్రాయవలెను. మట్టిని పైపైన కాక పునాది దిగు లోతున, ఒకటికన్న ఎక్కువ చోట్ల తీయవలెనని పరీక్ష మొదటనే చెప్పవలెను. ఇవన్నియు పది పుటల తెలుగు పుస్తకముగా మేస్త్రీల చేతికి రావలెను. అందులో బీము క్రింది 80 మిల్లీమీటర్ల ఖాళీ ఎందుకో బొమ్మ వేసి చూపవలెను. కారణము తెలియని మంచి మేస్త్రి, పని శుభ్రముగా ఉండవలెనను కోరికతో, ఆ సందునే ముందుగా మట్టితో కూరి మూయును.