ఒక ఐరిష్ విలాపగీతము: కాలనిర్ణయము

యుద్ధమునుండి అవయవహీనుడై మరలివచ్చిన జానీని గాంచి యొక స్త్రీ విలపించు ఐరిష్ గీతము ‘జానీ, ఐ హార్డ్లీ న్యూ యీ’. ఇందు సింహళ ప్రస్తావన యుండుటచే నిది 19వ శతాబ్ది తొలినాటి కాండీ యుద్ధములప్పటి జానపదగీతమని పలువురు తలచిరి. అమెరికా అంతర్యుద్ధకాలమున, 1863లో, గిల్మోర్ ప్రకటించిన ‘వెన్ జానీ కమ్స్ మార్చింగ్ హోమ్’ అను స్వాగతగీతమునకు ఇదియే మాతృక యనియు జెప్పిరి. కాని దీని తొలిముద్రణము 1867లో లండనున జరిగినది. కర్త మ్యూజిక్ హాలు రచయిత జోసెఫ్ గేగన్. కావున పౌర్వాపర్యము తారుమారగుచున్నది. కృతిలోని దేశనామము కథాకాలమును సూచింపవచ్చునేగాని రచనాకాలమును నిర్ణయింపజాలదు. తొలుత హాస్యగీతముగా ప్రచారమందిన దీనిని 1961లో క్లాన్సీ సోదరులు, టామీ మేకెమ్ పాడి రికార్డు చేసిరి. నేడిది యుద్ధమును నిరసించు విలాపముగా పరిగణింపబడుచున్నది. దీని జానపదత్వము పుట్టుకయందు గాక, ప్రజాస్వీకారమునందే యున్నది.